గీతకూ యూనిట్‌కూ నడుమ

తెలుగులో మాటల గురించి వాదించుకోవడం మనకు కొత్త కాదు. గ్రాంథికమా వ్యావహారికమా అని మన తాతల తరం వాదించుకుంది. ఒక ఇంగ్లీషు మాటకు సంస్కృత సమాసం కట్టాలా, అచ్చతెలుగు మాట వెతకాలా, లేక ఆ ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో వ్రాసుకోవాలా అని మనం వాదించుకుంటున్నాం. ఈ వాదాలలో నేనూ ఉత్సాహంగా పాల్గొన్నవాణ్ణే. అయితే వాటన్నిటిలోనూ ఒక లోటు ఉందని చాలా ఆలస్యంగా గ్రహించాను. మనం మాటను ఎప్పుడూ విడిగా తీసి, పళ్ళెంలో పెట్టిన నగలాగా అటూ ఇటూ తిప్పి చూసి వెల కడతాం. ఆ మాట పక్కన ఏ బొమ్మ ఉంది, ఆ కాగితం ఎవరి చేతిలో ఉంది, చదివిన మరుక్షణం ఆ చేయి ఏమి చేస్తుంది అన్న ప్రశ్నలు మాత్రం వేసుకోం. కథకో కవితకో ఆ ప్రశ్నలు అక్కర లేకపోవచ్చు. ఒక వస్తువును ఎలా వాడాలో చెప్పే కాగితానికి అవే ముఖ్యం. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. కనుక ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

కొంతకాలం క్రితం, నాకు పరిచయమున్న ఒక వైద్యులు తమ చిన్న ఆసుపత్రికి వచ్చే షుగరు రోగుల కోసం ఒక కరపత్రం తెలుగులో వ్రాసిపెట్టమని అడిగారు. ఇన్సులిన్‌ను ఇంట్లో ఎలా దాచుకోవాలి, సిరంజిలోకి ఎలా తీసుకోవాలి, ఒంటికి ఎలా ఎక్కించుకోవాలి, షుగరు మరీ పడిపోతే ఏమి చేయాలి అన్నవి అందులోని విషయాలు. ఒకే కాగితం, రెండు వైపులా అచ్చు, నాలుగు బొమ్మలు. ఇంగ్లీషులో ఉన్న ప్రతిని వారే ఇచ్చారు. నేను డబ్బు తీసుకోలేదు. ఇది తెలుగుకు సేవ అనుకున్నాను. ఆ అనుకోవడంలో కొంత గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఈ విషయంలో ప్రమాదం ఎక్కడ ఉందో ముందు చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతలలో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. సీసాలలో ఎక్కువగా కనబడేది మొదటిది, పెన్నులలో వాడేది రెండవది. కానీ 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి. ఏ మందుకు ఆ సిరంజినే వాడాలి. యు-40 సిరంజికి ఎర్ర మూత, యు-100 సిరంజికి నారింజ రంగు మూత పెట్టడం వాడుక. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, వాటి మీది అంకెలే వేరు. ఇవి తారుమారైతే ఏమవుతుందో లెక్క వేయడం కష్టం కాదు. 100 యూనిట్ల మందును యు-40 సిరంజిలో 20 అంకె దాకా తీసుకుంటే, అది అర మిల్లీలీటరు. అంటే ఒంట్లోకి పోయేది 20 యూనిట్లు కాదు, 50. తలకిందులుగా 40 యూనిట్ల మందును యు-100 సిరంజిలో 20 దాకా తీసుకుంటే, పోయేది 8 యూనిట్లే. మొదటి పొరపాటు వల్ల షుగరు పడిపోయి, చెమటలు పట్టి, వణుకు వచ్చి, మనిషి స్పృహ తప్పవచ్చు. రెండవ పొరపాటు వల్ల మందు తీసుకుంటున్నామన్న భ్రమలోనే జబ్బు ముదురుతుంది.

ఇంతటి సంగతిని రోగికి చెప్పవలసిన కాగితం అది. నేను దాని ముందు కూర్చుని మొట్టమొదట ఆలోచించినది 'యూనిట్' అన్న మాటకు తెలుగు ఏమిటా అని.

'ప్రమాణం' అనవచ్చు, కానీ తెలుగులో ప్రమాణమంటే ఒట్టు కూడాను. 'మాత్ర' అందామంటే అది మింగే బిళ్ళ అవుతుంది. 'ఏకాంకం' వంటివి నాటకాల జోలికి పోతాయి. చివరికి 'గీత' తట్టింది. రెండక్షరాలు, అందరికీ తెలిసిన మాట, సిరంజి మీద కంటికి కనబడే వస్తువు. మందుల దుకాణంలో, ఇళ్ళలో, 'పది గీతలు ఎక్కించాను' అనుకోవడం నేను చెవులారా విన్నాను కూడా. సంతోషం పట్టలేకపోయాను. 'వైద్యులు చెప్పినన్ని గీతల మేరకు మందును సిరంజిలోకి లాగండి' అని వ్రాసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. వినసొంపుగా ఉంది. ఒక్క పరాయి మాట లేదు, ఒక్క కొరకరాని సమాసమూ లేదు.

బొమ్మల విషయానికి వస్తే, వాటిని నేను నా పనిగానే భావించలేదు. నా పని మాటలు, బొమ్మలు అచ్చువారివి అనుకున్నాను. రెండు సిరంజిలనూ పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫోటో తీసి, మెసేజీలో పంపించాను. 'కింది బొమ్మలో ఎర్ర మూత ఉన్నది యు-40, నారింజ రంగు మూత ఉన్నది యు-100' అని వ్రాశాను. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆ తరువాత ఆ ఫోటోకు, ఆ మాటలకు ఏమేమి జరిగిందో వరుసగా చెబుతాను. ఇందులో ఎవరినీ ప్రత్యేకంగా తప్పుపట్టడం లేదు. ఒక్కొక్కరూ తమ పని తాము మామూలుగా చేసుకుపోయారు. తెలుగులో ఇలాంటి కాగితం ఏది తయారైనా జరిగేది ఇంచుమించు ఇదే.

ఫోటో మెసేజీలో పోయేటప్పుడే కుదించుకుపోయింది. అచ్చుకు కూర్చే చోట యూనికోడ్ తెలియని పాత సాఫ్టువేరు, పాత ఫాంట్లు వాడుతున్నారు. నేను పంపిన తెలుగు అందులో అతికిస్తే ప్రశ్నార్థకాలు, డబ్బాలు వచ్చాయి. మళ్ళీ టైపు చేయడం శ్రమ అనిపించి, వారు నా పేజీని తెర మీద తెరిచి, దాని బొమ్మ తీసి, ఆ బొమ్మను పేజీలో పెట్టారు. అంటే నా మాటలు కూడా బొమ్మలైపోయాయి. కాలమ్ వెడల్పు నింపడానికి సిరంజిల ఫోటోను అడ్డంగా సాగదీశారు. మొదటి వైపు చోటు చాలక ఆ ఫోటో రెండో వైపుకు పోయింది. 'కింది బొమ్మలో' అన్న వాక్యం మాత్రం మొదటి వైపు అడుగునే ఉండిపోయింది, దాని కింద ఖాళీ. రంగుల అచ్చుకు ఖర్చెక్కువని అంతా ఒక్క నలుపులోనే వేశారు. 300 ప్రతులు వచ్చాయి. నాకు రెండు పంపారు. నేను పేరు ఎలా పడిందో చూసుకున్నాను, అక్షర దోషాలు వెతికాను, ఒక్కటీ కనబడలేదని తృప్తిపడ్డాను.

ఆ వారం తెనాలి దగ్గరి మా ఊరు వెళ్ళినప్పుడు ఒక ప్రతిని మా పెద్దమ్మకు ఇచ్చాను. ఆమెకు డెబ్భై దాటాయి. చాలా ఏళ్ళుగా షుగరు, ఇన్సులిన్ తానే తీసుకుంటుంది. ఈమధ్యనే డాక్టరు ఆమెను 100 యూనిట్ల సీసాకు మార్చారు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదివింది.

"ఒరేయ్, నాకు పొద్దున ఇరవై కదా. ఇరవై గీతలు లాగమంటున్నావా?"

"అవును పెద్దమ్మా, డాక్టరు గారు ఎంత చెబితే అన్ని."

ఆమె లేచి వెళ్ళి ఫ్రిజ్ పక్కనున్న డబ్బాలోంచి సిరంజి తెచ్చింది. గోటితో గీతలు లెక్కపెట్టింది. "ఇదిగో, ఇరవై అంకె దగ్గరికి పది గీతలే ఉన్నాయి. నీ కాగితం చూసి లెక్కపెట్టుకుంటే నలభై దాకా పోతాను గదరా."

నేను సిరంజి అందుకుని చూశాను. ఆమె మాట నిజం. ఒక మిల్లీలీటరు యు-100 సిరంజి మీద ఒక్కొక్క చిన్న గీత విలువ రెండు యూనిట్లు. నేను ఫోటో తీసిన సిరంజి కూడా అదే. దాన్ని చేత్తో పట్టుకుని, వెలుతురులో పెట్టి, నీడ పడకుండా ఫోటో తీసిన నేను దాని మీది గీతలను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. 'గీత' అన్న మాట నాకు నచ్చింది, అంతే. పది గీతలు ఎక్కించానని నేను విన్న మనుషులు, ఒక గీతకు ఒక యూనిట్ ఉండే యు-40 సిరంజి గురించి మాట్లాడుకుంటున్నారు. వారి సిరంజికి వారి మాట సరిపోయింది. ఆ మాటను వారి సిరంజి నుంచి ఊడదీసి, అందరి కాగితంలోకి తెచ్చినవాణ్ణి నేను.

పెద్దమ్మ కాగితం తిప్పింది. "ఇందులో నాది ఏ మూత?"

"నారింజ రంగుది."

"రెండూ నల్లగానే ఉన్నాయి. ఒకటి కాస్త తెల్లబోయింది." కొంచెం ఆగి, "నారింజంటే పచ్చగా ఉంటుందిగా?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. మా పెరట్లో ఆమె ఎరిగిన నారింజ చెట్టు కాయలు పులుసుకూ పచ్చడికీ కోసేటప్పటికి పచ్చగానే ఉండేవి. నారింజ రంగు అన్నది పుస్తకాలలోని ఏడు రంగుల పట్టీ నుంచి నేర్చుకున్న మాట. ఆ పట్టీ చదవని మనిషికి అది రంగు కాదు, కాయ.

ఆ రాత్రే వైద్యులకు ఫోను చేశాను. అప్పటికి అరవై దాకా కాగితాలు పంచారట. మిగిలినవి ఆపారు. వచ్చిన రోగులను అడిగి కొన్ని వెనక్కి తీసుకున్నారు. తమకు తెలిసినంతలో ఎవరికీ ఏమీ కాలేదన్నారు. ఆ 'తెలిసినంతలో' అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

ఇక నా అభిప్రాయాలకు వస్తాను. మొదట బొమ్మల గురించి.

బొమ్మల ఫైళ్ళ తీరుతెన్నులు మనబోటి సాహిత్యం వాళ్ళకు పట్టని విషయమని అనుకుంటాం. కానీ వ్యాకరణం తెలియకుండా వాక్యం వ్రాయలేనట్టే, వీటి స్వభావం తెలియకుండా సూచనల కాగితం తయారు చేయలేం. తెలుసుకోవలసినది పెద్దగా ఏమీ లేదు. జేపెగ్ అన్న పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. దాని పూర్తి పేరులోనే ఫోటోగ్రాఫు అన్న మాట ఉంది. అది బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్ళుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన మార్పులను వదిలేసి, మిగిలినదాన్ని దాస్తుంది. ముఖానికో మబ్బుకో చెట్టుకో ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రంగు మెల్లగా మారుతుంది. సిరంజి మీది గీత అలా మారదు. తెలుపు పక్కనే నలుపు, నలుపు పక్కనే తెలుపు. ఆ పద్ధతి వదిలేసేది సరిగ్గా అటువంటి హఠాత్తు మార్పులనే. నా ఫోటో కుదించుకుపోయాక సిరంజి గొట్టం పొడవు ఇంచుమించు 300 చుక్కలకు వచ్చింది. అందులో 50 గీతలంటే ఒక్కొక్క గీతకూ దాని పక్క సందుకూ కలిపి ఆరు చుక్కలు. అంటే ఒక గడిలో ఒక గీతకు మించి ఇరుక్కుంటోంది. అవి ఒకదానిలోకి ఒకటి పాకడంలో ఆశ్చర్యమేముంది? 1996లో వచ్చిన పీఎన్‌జీ పద్ధతి దేన్నీ వదలకుండా దాస్తుంది. గీతలకు, అక్షరాలకు, తెర మీది బొమ్మలకు అదే తగినది. ఇంకా మంచిది, గీతలను చుక్కలుగా కాక కొలతలుగా దాచే ఎస్‌వీజీ వంటి పద్ధతి. దాన్ని ఎంత పెద్దది చేసినా గీత గీతగానే ఉంటుంది.

అసలు అక్కడ ఫోటోయే అక్కర లేదు. ఫోటో అన్నిటినీ చూపిస్తుంది: బల్ల, నీడ, గొట్టం మీది మెరుపు, నా వేలు. రోగి చూడవలసినది ఒక్కటే, పిస్టను అంచు ఏ అంకె దగ్గర ఆగాలన్నది. దానికి పెన్సిలుతో గీసిన బొమ్మ చాలు. ఏమి చూపించాలన్నది ఎంత ముఖ్యమో ఏమి వదిలేయాలన్నదీ అంతే ముఖ్యం. ఈ సంగతి మాటల విషయంలో మనకు బాగా తెలుసు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మరచిపోతాం.

రంగు మీద ఆధారపడడం ఇంకొక పొరపాటు. మన ఊళ్ళలో ఏ కాగితమైనా చివరికి జిరాక్సు యంత్రంలోనే తేలుతుంది. ఎరుపు ముదురు బూడిదగా, నారింజ లేత బూడిదగా మారవచ్చు. ఆ జిరాక్సుకు జిరాక్సు తీస్తే రెండూ నల్లబడవచ్చు. రంగు పేరు వ్రాసినా, దానితోపాటు సిరంజి మీద అచ్చయి ఉన్న 40, 100 అంకెలను పెద్దవిగా చూపించాలి. రంగు పోయినా అంకె మిగలాలి.

అన్నిటికంటె పెద్ద తప్పు మాటలను బొమ్మగా మార్చడం. బొమ్మయిన వాక్యాన్ని దిద్దలేం, వెతకలేం, చక్కగా పెద్దది చేయలేం, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్టువేరు దాన్ని చదవలేదు. తెలుగుకు మరొక చిక్కు ఉంది. మన లిపిలో థ, ధలకు తేడా ఒక చుక్క. ద, ధలకు తేడా అడుగున ఒక చిన్న గీటు. బొమ్మ కుదించుకుపోతే మొదట మాయమయ్యేవి అవే. షుగరు వ్యాధి ముదిరితే కంటి చూపును దెబ్బతీస్తుందన్నది అందరికీ తెలిసినదే. చూపు మందగించే అవకాశం ఎక్కువున్న మనుషుల కోసం, పెద్దది చేస్తే మసకబారే అక్షరాలతో మేము కాగితం తయారు చేశాం.

ఇప్పుడు మాటల గురించి.

ఆ అనుభవం తరువాత నా కాగితాన్ని మొదటినుంచి అనుమానంగా చదివాను. 'మందును శీతలీకరించి భద్రపరచండి' అని ఒకచోట ఉంది. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకట్టిన మందు పనికిరాదు. 'శీతలీకరించు' అంటే చల్లగా ఉంచడమా, గడ్డకట్టించడమా? ఆ మాటను చూసి మందును ఐసు పెట్టే అరలో పెట్టినవారిని తప్పుపట్టగలమా? 'ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఐసు అరలో పెట్టకండి' అంటే ఏ పండితుడికీ నచ్చకపోవచ్చు, కానీ చేయి సరైన అర దగ్గరికే పోతుంది. ఇంకొకచోట, తెల్లగా మసకగా ఉండే ఇన్సులిన్ గురించి 'సీసాను బాగా కలపండి' అన్నాను. బాగా కలపమంటే తెలుగువాడు దగ్గు మందు సీసాలాగా గిలకొట్టి పెడతాడు. అలా చేయకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఈ పని చేతులతో చేసి చూపిస్తే పెద్దమ్మ, "తాలికలు చేసినట్టా?" అంది. పాలతాలికలకు పిండిని అరచేతుల నడుమ నలిపినట్టు అన్నమాట. నా దగ్గరున్న మూడు నిఘంటువులలో దేనిలోనూ ఆ సాయం దొరికేది కాదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. 'సంస్కృత పదాలు మానేద్దాం, పల్లె మాటలు వాడదాం' అన్నది నా వాదం కాదు. నా మొదటి తప్పు జరిగింది 'గీత' అన్న పల్లె మాటతోనే. 'అన్నీ ఇంగ్లీషులోనే ఉంచేద్దాం' అన్నదీ నా వాదం కాదు. ఫ్రీజు, ఫ్రిజ్ అన్న మాటలు తెలుగు చెవికి ఒకదానికొకటి ఎంత దగ్గరో చూడండి. ఈ మూడు పక్షాలూ మాట ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతున్నాయి. అడగవలసింది అది ఎక్కడికి తీసుకుపోతుందని.

ఈ ప్రశ్న మనకు కొత్తదీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) ఉపాధ్యాయులు. చదివేవాడికి అర్థం కాని భాషలో చదువు చెప్పడం ఏమిటన్న తరగతి గది బాధ వారి వాదానికి ఒక మూలం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. అందులోని మాటలు ఎవరో గదిలో కూర్చుని కల్పించినవి కావు. పని చేసే మనుషుల నోటినుంచి, ఒక్కొక్క ప్రాంతానికీ వెళ్ళి సేకరించినవి. ఒకే పనిముట్టుకు ప్రాంతానికొక పేరు ఉంటే ఆ పేర్లన్నీ నమోదు చేశారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల కోసం పారిభాషిక పదాలు సమకూర్చింది. ఆ పని అవసరం ఆ పనిదే. తరగతిలో గురువు ఉంటాడు, మాటకు అర్థం చెబుతాడు. వంటింటి గోడకు అతికించిన కాగితం పక్కన గురువు ఉండడు. అందుకే పాఠ్యపుస్తకానికి పనికివచ్చిన మాట అక్కడ పనికిరాకపోవచ్చు.

మాటల ఎంపికలో నేను ఇప్పుడు పాటించే నియమాలు మూడే. ఒక వస్తువుకు ఒకే మాట. కాగితంలో ఒకచోట సీసా అని, ఇంకొకచోట బుడ్డి అని, మరొకచోట వయల్ అని అనకూడదు. పునరుక్తి దోషమని మనకు చిన్నప్పుడు నేర్పినది ఇక్కడ గుణం. రెండవది, వస్తువు మీద అచ్చయి ఉన్న మాటను మార్చకూడదు. సిరంజి మీదా సీసా మీదా చీటీ మీదా యూనిట్ అనే ఉన్నప్పుడు, కాగితంలోనూ యూనిట్ అనే ఉండాలి. దాన్ని తెలుగు చేస్తే భాషకు మేలు జరగదు, రోగికి మాత్రం రెండు వస్తువులున్నాయన్న భ్రమ కలుగుతుంది. మూడవది, మాట బొమ్మను వేలుపెట్టి చూపించాలి. 'కింది బొమ్మ', 'పక్క బొమ్మ' అనకుండా 'బొమ్మ 2' అనాలి. పేజీ ఎటు తిరిగినా బొమ్మ 2 బొమ్మ 2గానే ఉంటుంది.

ఇంత హంగామా ఎందుకు, అర్థం కాకపోతే డాక్టరునో నర్సునో అడుగుతారు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. చాలామంది రోగులు మొదటిసారి ఎవరో చేతితో చూపిస్తేనే నేర్చుకుంటారు. కానీ కాగితం అవసరమయ్యేది ఆ మొదటి రోజున కాదు. సీసా మారినప్పుడు, చూపించిన కోడలు పుట్టింటికి వెళ్ళినప్పుడు, రాత్రి పదింటికి అనుమానం వచ్చినప్పుడు అవసరమవుతుంది. అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు. ఇంకొక సంగతి. అర్థం కానప్పుడు మనిషి అడుగుతాడు. తప్పుగా అర్థమైనప్పుడు అడగడు. నా 'గీత' అర్థం కాని మాట కాదు, ఎంతో బాగా అర్థమయ్యే మాట. దాని ప్రమాదం అక్కడే ఉంది.

ఖర్చు సంగతి కూడా అంటారు. మేము రెండవసారి తయారు చేసిన కాగితానికి మొదటిదానికంటె ఎక్కువ ఖర్చు కాలేదు. ఫోటో తీసేసి గీతల బొమ్మలు వేయించాం. ఒక్క నలుపులోనే అచ్చు వేశాం. ముందుగానే జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు మళ్ళీ జిరాక్సు తీసి, చదవగలిగేది మాత్రమే ఉంచాం. మాటలు మాటలుగానే ఉండేలా, యూనికోడ్ తెలిసిన చోట కూర్పించాం. అచ్చుకు పంపే ముందు అయిదుగురు పెద్దవాళ్ళకు కాగితాన్నీ ఖాళీ సిరంజినీ మంచినీళ్ళ సీసానూ ఇచ్చి, ఏమీ చెప్పకుండా వారి చేతులను చూస్తూ కూర్చున్నాం. అర్థమైందా అని అడిగితే మనవాళ్ళు మర్యాదకోసం అర్థమైందనే అంటారు. చేతులకు ఆ మర్యాద తెలియదు. అయిదుగురిలో ఇద్దరు ఒకే చోట ఆగిపోయారు. ఆ వాక్యం మార్చాం.

తరువాత ఊరు వెళ్ళినప్పుడు చూస్తే, మా పెద్దమ్మ వంటింట్లో ఆ మొదటి కాగితమే ఇంకా గోడకు ఉంది. దాన్ని తీసేసి కొత్తది అతికిద్దామని దగ్గరికి వెళ్ళాను. 'గీతల మేరకు' అన్నచోట ఆమె పెన్నుతో అడ్డంగా కొట్టివేసి, పైన వణికే అక్షరాలతో 'అంకె దాకా' అని వ్రాసుకుంది. నేను పోయినసారి ఊరినుంచి వెళ్ళిన రోజునే దిద్దుకుందట. నాలుగు వారాలు కూర్చుని, వైద్యులతో పదిసార్లు మాట్లాడి, మేము రెండవ కాగితంలో పెట్టిన వాక్యం ఇది: 'సిరంజి మీద, డాక్టరు చెప్పిన అంకె దాకా మందు లాగండి (బొమ్మ 2).' ఆమె దిద్దినదానికీ మా వాక్యానికీ తేడా ఆ బొమ్మ ఒక్కటే.

బయటికి పోయిన అరవైలో ఇరవై దాకా కాగితాలు వెనక్కి రాలేదు. అవి ఏ వంటిళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు. వాటిని దిద్దుకోగలిగిన మనిషి ఆ ఇళ్ళలోనూ ఒకరు ఉండి ఉంటారని అనుకుంటూ ఉంటాను. కానీ వ్రాసేవాడు ఆధారపడవలసినది దాని మీద కాదు.